జెర్మేనియం మీద సేంద్రియ ఆమ్లాల ఉడుం పట్టు

జెర్మేనియం డయాక్సైడ్ తెల్లటి పొడి. ఒకే రంగు, ఒకే ఫార్ములా ఉన్న ఈ పొడిని రెండు వేర్వేరు సీసాల్లోంచి తీసి నీళ్ళలో వేస్తే రెండు రకాల ఫలితాలు రావచ్చు. ఒక పొడి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటికి 4 నుంచి 5 గ్రాముల దాకా కరుగుతుంది. రెండో పొడి ఎంత కలిపినా అడుగునే కూర్చుంటుంది. వీటిలో కల్తీ ఏమీ లేదు. తేడా అంతా లోపలి అమరికలో ఉంది. కరిగే పొడి క్వార్ట్జ్ నిర్మాణంలో ఉంటుంది. అందులో ప్రతి జెర్మేనియం చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, సగటున 1.74 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటాయి (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు). కరగని పొడి రూటైల్ నిర్మాణంలో ఉంటుంది. అందులో ఆరు ఆక్సిజన్లు: నాలుగు 1.87 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, రెండు 1.90 దగ్గర.

నాలుగా, ఆరా అన్న ఈ ఊగిసలాటే జెర్మేనియం రసాయనశాస్త్రానికి గుండెకాయ. నీళ్ళలో కరిగిన జెర్మేనియం మామూలుగా నాలుగు హైడ్రాక్సిల్ గుంపులతో, జెర్మానిక్ ఆమ్లంగా తిరుగుతుంది. ఆ ద్రావణంలోకి ఆక్జాలిక్ ఆమ్లమో, సిట్రిక్ ఆమ్లమో వచ్చిందంటే కథ మారిపోతుంది. జెర్మేనియం నాలుగును వదిలి ఐదుకో ఆరుకో వెళ్తుంది. ఏ ఆమ్లం దాన్ని ఎలా పట్టుకుంటుంది, ఆ పట్టులో ఏ ఆక్సిజన్ ఎంత దూరంలో కూర్చుంటుంది అన్న విషయాలు ప్రయోగశాల స్ఫటికాల దగ్గరే ఆగిపోవు. బొగ్గులో జెర్మేనియం ఎందుకు పేరుకుంటుంది, జింక్ కర్మాగారాల్లో దాన్ని ఎలా వేరుచేస్తారు, "ఆర్గానిక్ జెర్మేనియం" పేరుతో అమ్మిన కొన్ని సప్లిమెంట్లు మూత్రపిండాలను ఎందుకు దెబ్బతీశాయి అన్న ప్రశ్నలన్నిటికీ మూలం ఇదే.

మెండలీవ్ 1871లో ఈ మూలకాన్ని ఊహించి దానికి "ఎకా సిలికాన్" అని పేరు పెట్టాడు. 1886లో ఫ్రైబర్గ్‌లో క్లెమెన్స్ వింక్లర్ ఆర్గిరొడైట్ అనే వెండి ఖనిజంలోంచి దాన్ని వేరుచేశాడు. అప్పటినుంచి దాన్ని సిలికాన్ తమ్ముడిలాగే చూడటం అలవాటైపోయింది. చాలా విషయాల్లో అది నిజమే. సేంద్రియ ఆమ్లాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పోలిక దారి తప్పిస్తుంది.

కారణం సైజు. ఆరు ఆక్సిజన్ల మధ్య కూర్చున్నప్పుడు నాలుగు ధనావేశాల సిలికాన్ అయాన్ వ్యాసార్థం 0.40 ఆంగ్‌స్ట్రామ్, జెర్మేనియంది 0.53, టిన్‌ది 0.69. ఆక్సిజన్ వ్యాసార్థం సుమారు 1.40. అయాన్ వ్యాసార్థాన్ని ఆక్సిజన్ వ్యాసార్థంతో భాగిస్తే 0.414 దాటినప్పుడు ఆరుగురు సభ్యుల అష్టముఖం సౌకర్యంగా ఉంటుందని, అంతకంటే తక్కువైతే నాలుగుతో సరిపెట్టుకుంటుందని పాఠ్యపుస్తకాల్లో ఒక మోటు లెక్క ఉంది. సిలికాన్‌కు ఆ నిష్పత్తి 0.29 వస్తుంది, అంటే గీతకు చాలా కింద. టిన్‌కు 0.49, అంటే గీతకు పైన. జెర్మేనియానికి 0.38. ఇది గోడ మీద పిల్లి. కొంచెం ఊతం దొరికితే చాలు, అటు దూకుతుంది. అదే ఆరు ఆక్సిజన్ల మధ్య అల్యూమినియం అయాన్ వ్యాసార్థం 0.535 ఆంగ్‌స్ట్రామ్, అంటే దాదాపు జెర్మేనియం అంతే. కాబట్టి సేంద్రియ ఆమ్లాల విషయంలో జెర్మేనియాన్ని సిలికాన్‌తో కంటే అల్యూమినియంతో పోల్చడమే ఎక్కువ సబబు.

ఇంకో విషయం. జెర్మేనియం నాలుగు ఎలక్ట్రాన్లు కోల్పోయాక దాని మూడో కక్ష్యలో డి ఆర్బిటాళ్ళు పది ఎలక్ట్రాన్లతో నిండిపోయి ఉంటాయి. కోబాల్ట్, నికెల్, క్రోమియం లాంటి లోహాలకు ఫలానా జ్యామితే కావాలన్న పట్టుదల అసంపూర్తి డి ఆర్బిటాళ్ళ వల్ల వస్తుంది. జెర్మేనియానికి ఆ పట్టుదల లేదు. సైజూ ఆవేశమూ కుదిరితే చాలు, చుట్టూ చేరి పట్టుకునే అణువు, అంటే లిగాండ్, ఏ ఆకారం అడిగితే ఆ ఆకారానికి ఒదిగిపోతుంది. అందుకే లిగాండ్లతో కలిసి ఇది చేసే సమ్మేళనాలు, అంటే కాంప్లెక్సులు, చాలావరకు రంగులేనివి. అందుకే నిర్మాణాల్లో ఇంత వైవిధ్యం కూడా.

అన్నిటికంటే సులువుగా అర్థమయ్యేది ఆక్జాలిక్ ఆమ్లం. రెండు కార్బాక్సిల్ గుంపులు పక్కపక్కనే అతుక్కుని ఉండే ఈ చిన్న ఆమ్లం రెండు చివరలా ఒక్కో ఆక్సిజన్‌తో జెర్మేనియాన్ని పట్టుకుంటుంది. జెర్మేనియం, ఆక్సిజన్, కార్బన్, కార్బన్, ఆక్సిజన్: ఐదు పరమాణువుల వలయం ఏర్పడుతుంది. పీత తన డెక్కలతో పట్టుకున్నట్టు ఉండే ఈ పట్టునే కీలేట్ అంటారు. ఇలాంటి మూడు ఆక్జలేట్లు ఒకే జెర్మేనియం చుట్టూ చేరితే ఆరు ఆక్సిజన్ల అష్టముఖం తయారవుతుంది. దాని మీద రెండు రుణావేశాలుంటాయి. పొటాషియం లవణం రూపంలో దీని స్ఫటిక నిర్మాణం చాలాకాలంగా తెలిసినదే. జెర్మేనియం, ఆక్సిజన్ మధ్య దూరం 1.9 ఆంగ్‌స్ట్రామ్‌లకు కొంచెం తక్కువగా, అంటే రూటైల్ రకం డయాక్సైడ్‌లో ఉన్నంతే ఉంటుంది. నీళ్ళలో కరగని ఆ పొడిలోని అమరికే ఇక్కడ నీళ్ళలో హాయిగా కరిగే అయాన్ నడిబొడ్డున కనిపిస్తోందన్నమాట. ఆరు ఆక్సిజన్ల గూడు రెండింట్లోనూ ఉన్నా, రూటైల్‌లో అది చుట్టూ ఉన్న గూళ్ళతో గోడలు పంచుకుంటుంది. ఇక్కడ కార్బన్ తొడుగు దాన్ని విడిగా నిలబెడుతుంది.

మూడు ఆక్జలేట్లు మూడు రెక్కల ఫ్యాన్‌లా అమరుతాయి. ఆ రెక్కలు కుడివైపు మెలిక తిరగవచ్చు, ఎడమవైపూ తిరగవచ్చు. అవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు, ఎలా తిప్పినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. జెర్మేనియానికీ ఆక్జలేట్‌కూ విడివిడిగా కుడి, ఎడమ అన్న భేదమే లేదు. మూడు పట్టులు కలిసిన తీరులోంచి అది పుట్టుకొస్తుంది.

ఈ చర్య నడిచే దారి కూడా గమనించదగ్గది. చాలా లోహాల కాంప్లెక్సులు తయారు కావాలంటే ఆమ్లాన్ని ముందు కొంత క్షారంతో తటస్థం చేయాలి. జెర్మేనియం విషయంలో డయాక్సైడ్‌ను నేరుగా ఆమ్ల ద్రావణంలో వేసి మరిగిస్తే సరిపోతుంది. ఒక జెర్మేనియం డయాక్సైడ్, మూడు ఆక్జాలిక్ ఆమ్ల అణువులు కలిస్తే రెండు నీటి అణువులు బయటికి పోతాయి. మిగిలేది కాంప్లెక్స్, దాని వెంట రెండు ప్రోటాన్లు. జెర్మేనియం మీది హైడ్రాక్సిల్, ఆమ్లం మీది హైడ్రోజన్ కలిసి నీరై వెళ్ళిపోవడం చూస్తే ఇది లోహ లవణం తయారీ కంటే ఆమ్లం, ఆల్కహాల్ కలిసి నీటిని వదిలే ఎస్టర్ తయారీకి దగ్గరగా అనిపిస్తుంది. తయారైన ఆమ్లం మాత్రం బలమైనది. జెర్మానిక్ ఆమ్లం తొలి పీకేఏ విలువ సుమారు 9.3, అంటే అది చాలా బలహీనమైన ఆమ్లం. సేంద్రియ లిగాండ్ దాన్ని పట్టుకోగానే ప్రోటాన్లు సులువుగా ఊడిపోతాయి. విశ్లేషణ రసాయనశాస్త్రం ఎప్పటినుంచో వాడుకుంటున్న చిట్కా ఇదే. జెర్మానిక్ ఆమ్లాన్ని నేరుగా సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే అంత్యబిందువు స్పష్టంగా దొరకదు. అందులో మానిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ కలిపితే పక్కపక్కన ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు జెర్మేనియాన్ని పట్టుకుంటాయి, ఆమ్లం బలపడుతుంది, అంత్యబిందువును చూపే ఫినాఫ్తలీన్ చక్కగా రంగు మారుతుంది. బోరిక్ ఆమ్లంతో చేసేదీ ఇదే.

ఇదంతా నడిచే పీహెచ్ పరిధి మాత్రం పెద్దది కాదు. మరీ క్షారంగా ఉంటే హైడ్రాక్సైడ్ అయాన్లు పోటీకి వచ్చి ఆక్జలేట్‌ను, సిట్రేట్‌ను పక్కకు నెట్టేస్తాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మరీ గాఢంగా ఉంటే క్లోరైడ్‌లు పైచేయి సాధిస్తాయి. అప్పుడు 83 డిగ్రీల దగ్గరే మరిగిపోయే జెర్మేనియం టెట్రాక్లోరైడ్ వస్తుంది. వీటి మధ్య ఉన్న ఆమ్ల ప్రాంతంలోనే కార్బాక్సిలిక్ ఆమ్లాల ఆట.

ఇక సిట్రిక్ ఆమ్లం. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన నిర్మాణం దీనిదే అని చెప్పవచ్చు. సిట్రిక్ ఆమ్లంలో మూడు కార్బాక్సిల్ గుంపులు, మధ్య కార్బన్ మీద ఒక ఆల్కహాల్ హైడ్రాక్సిల్ ఉంటాయి. ఇందులో ఏవి జెర్మేనియాన్ని పట్టుకుంటాయి? మూడు కార్బాక్సిళ్ళే అని ఎవరైనా అనుకుంటారు. స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో చూస్తే తెలిసేది వేరు. ఆల్కహాల్ హైడ్రాక్సిల్ తన ప్రోటాన్‌ను వదులుకుని ముందు వరసలోకి వస్తుంది. మామూలు నీటి ద్రావణంలో ఆల్కహాల్ నుంచి ప్రోటాన్ లాగడం చాలా కష్టం. అధిక ఆవేశమూ చిన్న సైజూ ఉన్న జెర్మేనియం పక్కన కూర్చోగానే బలమైన ఆమ్ల ద్రావణంలో కూడా ఆ ప్రోటాన్ ఊడిపోతుంది. అలా వచ్చిన ఆల్కాక్సైడ్ ఆక్సిజన్‌తో బంధం అన్నిటికంటే పొట్టిది, 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లకు దగ్గర్లో ఉంటుంది. కార్బాక్సిల్ ఆక్సిజన్లు దాదాపు 1.9 దగ్గర ఉంటాయి. ఈ పదో వంతు ఆంగ్‌స్ట్రామ్ తేడా చిన్నదిగా కనిపించినా అసలు పట్టు ఎవరిదో అదే చెబుతోంది.

మధ్య కార్బన్‌కు నేరుగా అతుక్కున్న కార్బాక్సిల్ ఆ ఆల్కాక్సైడ్‌తో కలిసి ఐదు పరమాణువుల వలయం చేస్తుంది. చివర ఉన్న రెండు కార్బాక్సిళ్ళలో ఒకటి అదే ఆల్కాక్సైడ్‌తో కలిసి ఆరు పరమాణువుల వలయం చేస్తుంది. ఈ మూడు ఆక్సిజన్లు అష్టముఖంలో ఒక ముఖాన్ని కప్పేస్తాయి. రెండో సిట్రేట్ సరిగ్గా ఎదుటి ముఖాన్ని కప్పుతుంది. అలా రెండు సిట్రేట్ల మధ్య జెర్మేనియం, సౌష్ఠవ కేంద్రంలో కూర్చుంటుంది. ఒక సిట్రేట్ ఆల్కాక్సైడ్‌కు ఎదురుగా రెండో సిట్రేట్ ఆల్కాక్సైడ్ ఉంటుంది, కార్బాక్సిల్‌కు ఎదురుగా కార్బాక్సిల్ ఉంటుంది. ఒక్కో సిట్రేట్‌లో మిగిలిపోయిన మూడో కార్బాక్సిల్ ప్రోటాన్‌తో సహా ఖాళీగా బయటికి చాచుకుని ఉంటుంది.

ఆ ఖాళీ చేయే స్ఫటికాన్ని కట్టిపడేస్తుంది. ఒడెసాలోని మెచ్నికోవ్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా హైడ్రాక్సీ ఆమ్లాలతో జెర్మేనియం కాంప్లెక్సులను తయారుచేసి నిర్మాణాలు తేలుస్తున్నారు. ఈ సిట్రేట్ అయాన్‌ను వాళ్ళు మెగ్నీషియం, మాంగనీస్, కోబాల్ట్, జింక్ లాంటి లోహాలతో జతచేశారు. ఆ లోహ అయాన్ తన చుట్టూ ఆరు నీటి అణువులను కప్పుకుని విడిగా నిలబడుతుంది. ఆ నీటి అణువులు, స్ఫటికంలో చేరిన అదనపు నీళ్ళు, సిట్రేట్‌లోని ఖాళీ కార్బాక్సిల్ అన్నీ హైడ్రోజన్ బంధాలతో చేతులు కలిపి మూడు దిక్కులా వల అల్లుకుంటాయి. కోబాల్ట్ లవణం గులాబి రంగులో ఉంటుంది. ఆ రంగు ఆరు నీళ్ళ కోబాల్ట్‌ది, జెర్మేనియానికి దానితో సంబంధం లేదు.

స్ఫటికం దొరకనప్పుడు పరారుణ వర్ణపటం చాలావరకు పని చేసిపెడుతుంది. ఖాళీ కార్బాక్సిల్‌లోని కార్బన్, ఆక్సిజన్ ద్విబంధం సెంటీమీటరుకు 1730 తరంగాల చుట్టుపక్కల గీత చూపిస్తుంది. జెర్మేనియానికి కట్టుబడిన కార్బాక్సిల్ గీత 1700 కిందికి దిగిపోతుంది. రెండు గీతలూ కనిపిస్తే ఒక చేయి ఖాళీగా ఉందని అర్థం. 600, 700ల మధ్య కనిపించే కొత్త గీతలు జెర్మేనియం, ఆక్సిజన్ బంధానివి.

టార్టారిక్ ఆమ్లం దగ్గర జ్యామితి మళ్ళీ మారుతుంది. ఈ అణువులో రెండు సమానమైన చివరలున్నాయి, ఒక్కో చివర ఒక హైడ్రాక్సిల్, దాని పక్కనే ఒక కార్బాక్సిల్. రెండు చివరలూ ఒకే జెర్మేనియాన్ని పట్టుకోవాలంటే మధ్య ఉన్న కార్బన్ గొలుసు వంగాల్సినంత వంగలేదు. దాంతో ఒక్కో చివర ఒక్కో జెర్మేనియాన్ని పట్టుకుంటుంది. రెండు జెర్మేనియంలు, వాటి మధ్య వంతెనలుగా రెండు టార్ట్రేట్లు: చేతులు పట్టుకుని ఎదురెదురుగా నిలబడిన నలుగురి బొమ్మ లాంటి జంట అణువు. ప్రతి జెర్మేనియానికి రెండు టార్ట్రేట్ల నుంచి నాలుగు ఆక్సిజన్లు వస్తాయి. ఐదో స్థానంలో ఒక హైడ్రాక్సిల్ ఉంటుంది. నాలుగూ కాదు ఆరూ కాదు, ఐదు. ఆకారం త్రికోణ ద్విపిరమిడ్. కార్బాక్సిల్ ఆక్సిజన్లు పైనా కిందా శిఖరాల మీద ఉంటాయి. పొట్టి బంధాలు చేసే ఆల్కాక్సైడ్లు హైడ్రాక్సిల్‌తో కలిసి నడుమున త్రికోణంలో ఉంటాయి. ఆంటిమొనీ టార్ట్రేట్‌లోనూ ఇలాంటి జంట నిర్మాణమే ఉంటుంది. ఆంటిమొనీకి ఐదో స్థానంలో బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ల జత ఉంటే, జెర్మేనియానికి అక్కడ హైడ్రాక్సిల్ ఉంది.

ఎసిటిక్ ఆమ్లం లాంటి ఒంటిచేతి ఆమ్లాల గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. జెర్మేనియం టెట్రాఎసిటేట్ అన్న సమ్మేళనం ఉన్నా, తేమ తగిలితే చెదిరిపోతుంది. నీళ్ళలో నిలిచే కాంప్లెక్స్ కావాలంటే రెండు చేతుల పట్టు ఉండాల్సిందే.

ఆమ్లం అన్న మాటను కొంచెం విస్తరించి చూస్తే కాటెకాల్, మొక్కల్లో ఉండే వగరు పదార్థాలైన టానిన్ల వంతు వస్తుంది. కాటెకాల్‌లో బెంజీన్ వలయం మీద రెండు హైడ్రాక్సిళ్ళు పక్కపక్కన ఉంటాయి. ఇది కూడా ఆక్జలేట్ లాగే ఐదు పరమాణువుల వలయం చేసి, మూడేసి చొప్పున జెర్మేనియాన్ని చుట్టేస్తుంది. పైగా కార్బాక్సిలిక్ ఆమ్లాల పట్టు సడలే తటస్థ, క్షార ద్రావణాల్లో కూడా కాటెకాల్ పట్టు నిలుస్తుంది. టానిన్‌లలో గాలిక్ ఆమ్లం ముక్కలు, ఒక్కోదాంట్లో మూడు హైడ్రాక్సిళ్ళు వరసగా ఉంటాయి. ఒకే పెద్ద అణువులో ఇలాంటి పట్టులు చాలా ఉండటం వల్ల జెర్మేనియంతో కలిసి కరగని ముద్దగా దిగిపోతుంది. జింక్ పరిశ్రమ దీని మీద ఆధారపడింది. జింక్ ఖనిజంలో కొద్దికొద్దిగా ఉండే జెర్మేనియం విద్యుద్విశ్లేషణ తొట్టెలోకి చేరితే హైడ్రోజన్ విడుదల పెరిగి, కరెంటు వృథా అయి, జింక్ పేరుకోవడం దెబ్బతింటుంది. అందుకే ఆ ద్రావణంలో టానిక్ ఆమ్లం కలిపి జెర్మేనియాన్ని ముందే అవక్షేపంగా దించేస్తారు. ఆ ముద్దను కాల్చి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, టెట్రాక్లోరైడ్‌గా స్వేదనం చేస్తారు. జింక్ మీద టానిన్‌కు అలాంటి పట్టు లేదు. వేల రెట్లు ఎక్కువగా ఉన్న జింక్‌ను వదిలేసి పిసరంత జెర్మేనియాన్ని ఏరుకోగలగడం నిర్మాణ రసాయనశాస్త్రం చేసిన మేలు. ఆక్జలేట్, సిట్రేట్, టార్ట్రేట్‌లతో జెర్మేనియాన్ని రుణ అయాన్‌గా మార్చి, అమీన్ ద్రావణాలతో లాగేసే పద్ధతులూ ఇదే తర్కం మీద నడుస్తాయి.

ప్రకృతి ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది. 1930ల తొలినాళ్ళలో భూరసాయన శాస్త్రవేత్త గోల్డ్‌ష్మిట్ బొగ్గు బూడిదలో జెర్మేనియం అసాధారణంగా పేరుకుని ఉందని చూపించాడు. చైనాలోని లిన్‌సాంగ్, వులాన్‌తుగా, రష్యా తూర్పు కొసన ఉన్న స్పెత్సుగ్లి గనుల్లో లిగ్నైట్ బొగ్గును జెర్మేనియం ఖనిజంగానే చూస్తారు. ఆ బొగ్గులో జెర్మేనియం విడి ఖనిజ రేణువులుగా కాకుండా ప్రధానంగా సేంద్రియ పదార్థంతో ముడిపడి ఉంటుంది. కుళ్ళుతున్న మొక్కల్లోని లిగ్నిన్, హ్యూమిక్ ఆమ్లాల నిండా కాటెకాల్ లాంటి జతలూ కార్బాక్సిళ్ళూ ఉంటాయి. వాటి గుండా పారిన నీళ్ళలోని జెర్మేనియం అక్కడ చిక్కుకుపోయింది. అదే నీళ్ళలో ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న సిలికాన్ ఎందుకు చిక్కుకోలేదు? 1998లో పోక్రోవ్‌స్కీ, షాట్ అనే భూరసాయన శాస్త్రవేత్తలు రెండు మూలకాలనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. ఆక్జాలిక్, సిట్రిక్ ఆమ్లాలతో, కాటెకాల్‌తో జెర్మేనియం గట్టి కాంప్లెక్సులు చేసింది. సహజ నీళ్ళ పరిస్థితుల్లో సిలికాన్ చేసినవి లెక్కలోకి రానంత బలహీనం. 0.40కీ 0.53కీ మధ్య ఉన్న ఆ చిన్న తేడా నదుల్లో జెర్మేనియం, సిలికాన్ నిష్పత్తినే మార్చేస్తోంది.

ఇప్పుడు మాటల గందరగోళం ఒకటి విప్పాలి. దాని వల్ల మనుషుల ప్రాణాలే పోయాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇప్పటిదాకా చెప్పుకున్న కాంప్లెక్సులన్నిటిలో జెర్మేనియానికీ కార్బన్‌కూ మధ్య ఆక్సిజన్ ఉంది. లిగాండ్ సేంద్రియమే అయినా జెర్మేనియం కార్బన్‌ను నేరుగా తాకదు. జెర్మేనియం, కార్బన్ నేరుగా కలిసిన సమ్మేళనాలు వేరే జాతి. ఆ బంధాన్ని నీళ్ళు విడగొట్టలేవు. సముద్రంలో కరిగి ఉన్న జెర్మేనియంలో అత్యధిక భాగం మిథైల్ గుంపులు అతుక్కున్న రూపంలోనే ఉంటుంది, అది అంత స్థిరమైన బంధం. ఆక్సిజన్ వంతెన మాత్రం అలా కాదు. నీళ్ళు ఎక్కువై, ఆమ్లత తగ్గితే సిట్రేట్ చేయి వదిలేస్తుంది, జెర్మానిక్ ఆమ్లం మిగులుతుంది.

లాక్టిక్, సిట్రిక్ ఆమ్లాలతో కలిపిన జెర్మేనియాన్ని ఆరోగ్య సప్లిమెంటుగా అమ్మారు. పేరులో సేంద్రియ ఆమ్లం ఉంది కదా, ఇది "ఆర్గానిక్ జెర్మేనియమే" అన్న భ్రమకు తావు దొరికింది. శరీరానికి మాత్రం అది డయాక్సైడ్ మింగినట్టే అయింది. ఇలాంటి జెర్మేనియం ఉత్పత్తులను నెలల తరబడి వాడినవాళ్ళలో మూత్రపిండాలు దెబ్బతిన్న 31 కేసులను 1997లో వచ్చిన ఒక సమీక్ష లెక్కించింది. వాళ్ళలో కొందరు చనిపోయారు. నిర్మాణ చిత్రంలో ఒక్క ఆక్సిజన్ ఎక్కడుందో చూసి ఉంటే ఆ రెండు పదార్థాలకూ ఒకే పేరు పెట్టేవాళ్ళు కాదు.

జెర్మేనియం, కార్బన్ బంధం నిజంగా ఉన్నవాటిలో పేరున్నది 1967లో జపాన్‌లో కజుహికో అసాయ్ బృందం తయారుచేసిన సెస్క్వియాక్సైడ్. దీన్ని జీఈ-132 అని, రెపాజెర్మేనియం అని పిలుస్తారు. ప్రొపియానిక్ ఆమ్లం తోకలో చివరి కార్బన్ నేరుగా జెర్మేనియానికి అతుక్కుని ఉంటుంది. మిగిలిన మూడు దిక్కులా ఆక్సిజన్లు పక్క జెర్మేనియంలతో కలిపి, విశాలమైన పొరగా అల్లుతాయి. నీళ్ళలో వేస్తే ఆ ఆక్సిజన్ వంతెనలు తెగి, ప్రతి జెర్మేనియం మీద మూడు హైడ్రాక్సిళ్ళు మిగులుతాయి, కార్బన్ బంధం మాత్రం చెక్కుచెదరదు. అలా విడిపోయిన అణువు చక్కెరలలో పక్కపక్కన ఒకే వైపు ఉన్న హైడ్రాక్సిల్ జతల్ని పట్టుకుంటుంది, ముఖ్యంగా ఫ్రక్టోజ్‌ను. టైట్రేషన్‌లో మానిటాల్ పట్టుకున్నట్టే, రెండు ఆక్సిజన్ల మధ్య, ఐదు పరమాణువుల వలయంతో.